నా థ్రిల్లర్ నవల "మూడో మంచం": చివరి మలుపు మీద అభిప్రాయాలు కావాలి (కథ మొత్తం చెప్పేశాను, జాగ్రత్త)

పొన్నచెట్టు:
అందరికీ నమస్తే. చాలాకాలంగా ఒక సైకలాజికల్ థ్రిల్లర్ రాస్తున్నాను. చివరి అధ్యాయాల దగ్గర బండి ఆగిపోయింది. రాసిన అధ్యాయాలు ఇక్కడే జతచేశాను. కథ దాచకుండా చెప్తాను.

గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. హాస్టల్లో ముగ్గురుండే గది. కథ చెప్పేవాడు చైతన్య, ట్రిపుల్‌ఈ రెండో సంవత్సరం. రూమ్మేట్లు సుధీర్, మస్తాన్. కార్తీకమాసంలో ఒక ఆదివారం క్లాసంతా సూర్యలంక బీచ్‌కి వెళ్తుంది. సుధీర్‌ని అలలు లాగేసుకుంటాయి. శవం మర్నాడు దొరుకుతుంది. చైతన్య "నాకు ఓపిక లేదు, మీరెళ్లండ్రా" అని గదిలోనే పడుకున్నాడు. మధ్యాహ్నం సుధీర్ ఒకసారి ఫోన్ చేస్తే నిద్రలో కట్ చేశాడు.

ఆ తర్వాత నుంచి రాత్రిళ్లు కారిడార్లో సుధీర్ హవాయి చెప్పుల చప్పుడు. రెండింటికి సుధీర్ నంబరు వాట్సాప్‌లో "ఆన్‌లైన్" అని కనిపిస్తుంది. వాణ్ని ఎవరో తోసేశారని చైతన్యకి అనుమానం మొదలవుతుంది, అది మస్తాన్ మీదకి తిరుగుతుంది. క్లైమాక్స్‌లో తేలేదేంటంటే, చైతన్యకి స్ప్లిట్ పర్సనాలిటీ. ఆ రోజు తనూ బీచ్‌కి వెళ్లాడు, తోసింది తనే, గుర్తులేదు.

చదివిన ఇద్దరు ఫ్రెండ్స్ "అదిరింది" అన్నారు. మా అక్క మాత్రం "ఛ" అని ఊరుకుంది. ఎందుకో చెప్పమంటే చెప్పదు.

బెంచీచివర:
మీ అక్క నంబరు ఇవ్వండి, ఆవిడతో మాట్లాడాలి 😄
సీరియస్‌గా చెప్పాలంటే, హీరోకి పిచ్చి, హంతకుడు హీరోనే అన్న మలుపు చూసీ చూసీ మొహం మొత్తింది. సగంలోనే పసిగట్టేస్తాం.

గోదారిగట్టు:
మలుపు పాతదా కొత్తదా అన్నది పక్కన పెడదాం. నాకు ఇబ్బందిగా అనిపించింది వేరే. మొదటి భాగమంతా స్నేహితుణ్ని పోగొట్టుకున్న కుర్రాడితో మమ్మల్ని నడిపించి, చివర్లో "ఆ దుఃఖం ఉత్తిదే, వాడే చంపాడు" అంటున్నారు. అప్పటిదాకా వాడి కోసం మేం పడ్డ బాధ ఏమైపోవాలి?

మన దగ్గర తండ్రి పోతే కొడుక్కి కర్మ ఉంది, మైల ఉంది, పెద్దకర్మ ఉంది, పలకరించడానికి వచ్చే జనం ఉన్నారు. హాస్టల్ రూమ్మేట్ పోతే వాడి పక్కమంచం కుర్రాడికి ఏముంది? ఒక సంతాపసభ, రెండు నిమిషాల మౌనం, ఒక రోజు సెలవు. మర్నాడు మిడ్ పరీక్ష. ఏడవడానికి కూడా వాడికి ఒక హోదా లేదు. నేను లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి పిల్లల్ని చూశాను. అటెండెన్స్ తీసుకునేటప్పుడు పోయినవాడి నంబరు దగ్గర క్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత ఎవరో రిజిస్టర్‌లో ఆ పేరు కొట్టేస్తారు. మీ నవల అక్కడుంది, క్లైమాక్స్‌లో లేదు.

డ్యూటీడాక్టర్:
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటిది. స్ప్లిట్ పర్సనాలిటీ అని సినిమాలు చూపించేది, స్కిజోఫ్రెనియా అనేది రెండూ ఒకటి కావు. అనుమానం, వెంటపడుతున్నారనే భయం, గొంతులు వినిపించడం, ఇవన్నీ సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి) వైపు లక్షణాలు, స్కిజోఫ్రెనియా అలాంటి జబ్బే. మీరు సగం నవల దాకా అవి రాసి, చివర్లో వేరే జబ్బు తెచ్చి అంటించారు. గుండెపోటు లక్షణాలు రాసి చివర్లో కామెర్లు అన్నట్టుంది.

రెండోది మీకు పనికొస్తుంది. చెప్పుల చప్పుడు వినిపించడానికి జబ్బే అక్కర్లేదు. 1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కూర్చోబెట్టి అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపిస్తుందనో, కనిపించారనో, మాట వినిపించిందనో చెప్పారు. చాలామంది అంతకుముందు ఎవరితోనూ అనలేదు. "పిచ్చి అంటారని" భయం. వాళ్లెవరూ పిచ్చివాళ్లు కాదు.

అలాగని చైతన్యకి ఏమీ లేదని చెప్పడానికి లేదు. వాడికి 19 ఏళ్లు. మగపిల్లల్లో స్కిజోఫ్రెనియా ఎక్కువగా బయటపడే వయసు అదే, టీనేజీ చివర నుంచి ఇరవైల మధ్య దాకా. అంటే మీ పాఠకుడి ముందు ఉన్న అసలు ప్రశ్న ఇది: ఇది దుఃఖమా, జబ్బా? వాడికీ తెలియదు, మస్తాన్‌కీ తెలియదు. మొదటి రోజుల్లో మాకూ తెలియదు. ఇంతకన్నా సస్పెన్స్ ఏం కావాలండీ?

తేడా ఎలా చూపించాలంటే: పోయినవాడి గొంతు తన పేరు పెట్టి పిలవడం చాలావరకు దుఃఖం వైపే. అదే, ఇద్దరు ముగ్గురు కొత్త గొంతులు "చూడు, లేచాడు, పళ్లు తోముకుంటున్నాడు, ఇప్పుడు తలుపు దగ్గరికెళ్తాడు" అని వీడి గురించి తమలో తాము మాట్లాడుకోవడం మొదలైతే మాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. మెస్‌లో సాంబారు గిన్నె ఎటు తిప్పి పెట్టారన్నది కూడా తనకు పంపిన సంకేతంలా అనిపించడం, స్నానం మానేయడం, వరుసగా నిద్ర లేకపోవడం, ఇవన్నీ మెల్లగా రావాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా "పాపం బాధలో ఉన్నాడు" అనుకుంటూ వదిలేస్తారు. ఇక్కడే నెలలు పోతాయి.

మూడోది. జబ్బు ఉన్నవాడే హంతకుడు అనే కథల వల్ల నష్టపోయేది మా ఓపీకి రావడానికి భయపడేవాళ్లు. ఈ జబ్బులున్నవాళ్లు ఎదుటివాళ్లని కొట్టడం కన్నా దెబ్బలు తినడమే ఎక్కువ.

బెంచీచివర:
డాక్టర్ గారూ, చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ అవన్నీ పెడితే అవగాహన సదస్సు అవుతుంది. థ్రిల్లర్ కొనేవాడికి పేజీ తిప్పాలనిపించాలి. సాంబారు గిన్నె మాత్రం సూపర్.

ఉప్పుగాలి:
మాది బాపట్ల. బీచ్ సీన్ గురించి చెప్తాను, పొన్నచెట్టు గారు ఎప్పుడూ సముద్రంలో దిగినట్టు లేరు 🙂

కార్తీక ఆదివారం సూర్యలంక అంటే తిరనాళ్ల లెక్క. బస్సులు, ఆటోలు, సరుగుడు తోటల్లో వనభోజనాలు. పోలీసులు మైకులో అరుస్తూనే ఉంటారు. అంత జనంలో ఒకణ్ని తోసి చంపడం జరిగే పని కాదు. తోయాల్సిన అవసరం కూడా లేదు. అలలు విరగకుండా నీళ్లు నున్నగా కనిపించే పట్టీ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడ ప్రశాంతంగా ఉందని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయేది ఆ దారినే. లాగేస్తుంది. ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు, పక్కకి ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి. ఈ సంగతి తెలిసిన ఇంజినీరింగ్ పిల్లలు ఎంతమంది?

మస్తాన్ ఒడ్డున నిలబడి చూస్తూ ఉండిపోయాడని చైతన్య కోపం కదా. ఈత రానివాడు దిగి ఉంటే రెండు శవాలయ్యేవి. మస్తాన్ ఈ మాట ఎప్పుడూ నోరు తెరిచి అనకూడదు. పాఠకుడికి మాత్రం తెలియాలి.

సెల్లుషాపు:
నేను తెనాలిలో మొబైల్ షాపు నడుపుతాను. సాహిత్యం నాకు పెద్దగా తెలియదు, చదువుతానంతే. "ఆన్‌లైన్" కనిపించే విషయంలో మాత్రం నాకు మాట్లాడే హక్కుంది.

పోయినవాళ్ల నంబరు రెండు రకాలుగా మళ్లీ బతుకుతుంది. ఒకటి, ఎవరూ వాడకపోతే. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ 20 రూపాయల లోపు ఉంటే కంపెనీ తీసేస్తుంది. తీసేసిన నంబరుని కనీసం ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకి చెప్పింది. ఆ తర్వాత కొత్త మనిషికి వెళ్తుంది. అంటే మీ కథలో నవంబర్లో పోయిన సుధీర్ నంబరు మే, జూన్ దాకా ఇంకొకళ్లకి రాదు. వాట్సాప్ కూడా 120 రోజులు వాడకపోతే అకౌంట్ తీసేస్తుంది. మీరేమో డిసెంబర్లోనే ఆన్‌లైన్ చూపించారు. కుదరదు.

రెండోది నేను షాపులో చూసేది. కొడుకు పోయాక వాళ్లమ్మలు నెలనెలా ఆ నంబరుకి రీచార్జ్ చేయించుకోవడానికి వస్తారు. ఒకావిడ నా కౌంటర్ మీద ఫోన్ పెట్టి "బాబూ, ఇది ఆగిపోకూడదు, ఎంతవుతుంది" అంది. స్క్రీన్ గార్డ్ పగిలి ఉంది. మారుస్తానంటే వద్దంది, వాడు పగలగొట్టిందేనట. రాత్రిళ్లు ఆ ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ, స్టేటస్‌లు చూసుకుంటూ ఉంటుందట.

మీ చైతన్యకి రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో కనిపించేది సుధీర్ వాళ్లమ్మ అయితే?

గోదారిగట్టు:
సెల్లుషాపు గారూ, సాహిత్యం తెలియదంటూనే నవల నిలబెట్టేశారు.

బెంచీచివర:
ఓకే. ఇది నాకు పనిచేసింది. వెన్నులో చలి పుట్టింది, దయ్యం లేకుండా.

వకాల్తా:
గుంటూరులో లాయర్ని. మూడు విషయాలు.

మునిగి చనిపోతే పోలీసులు అసహజ మరణంగా కేసు కడతారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 194. పాతది 174. మీ ఎస్సై ఇంకా 174 అంటున్నాడు. కథ ఏ ఏడాదిలో నడుస్తుందో చూసుకుని రాయండి.

చైతన్యని విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిలో పడేసి, మెలకువలోనే కట్టేసి కరెంటు షాక్ ఇచ్చినట్టు రాశారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా షాక్ ఇవ్వడం నిషేధం. గొలుసులతో కట్టడం కూడా నిషేధమే. ఆ సీను ఉంచాలనుకుంటే అది నేరం అని రాయండి, చికిత్స అని రాయకండి.

మూడోది మీకు నచ్చుతుంది. అదే చట్టంలో "నామినేటెడ్ రిప్రజెంటేటివ్" అని ఉంది. మన ఆరోగ్యం మన చేతుల్లో లేనప్పుడు మన తరఫున నిలబడేవాళ్లని మనమే ఎంచుకోవచ్చు. తల్లిదండ్రులే కానక్కర్లేదు, మైనర్ కాకూడదు, వాళ్లు ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. కౌన్సెలర్ గదిలో ఆ కాగితం పెట్టినప్పుడు చైతన్య ఎవరి పేరు రాస్తాడు? సుధీర్ పేరు, ఫోన్ నంబరు రాస్తాడు. ఏ తడబాటూ లేకుండా, మంచి దస్తూరీతో. కౌన్సెలర్‌కి ఆ పేరు ఎవరిదో తెలియదు. సంతకం కోసం ఆ నంబరుకి ఫోన్ చేస్తుంది. ఫోన్ ఎవరు ఎత్తుతారో ఇప్పుడు మనకి తెలుసు కదా.

పొన్నచెట్టు:
వకాల్తా గారూ... నాకు మాట రావట్లేదు. ఆ ఫోన్ కాల్ నేను రాయాలి. అవతల ఆవిడ "హలో" అన్నాక కౌన్సెలర్ ఏమంటుంది?

డ్యూటీడాక్టర్:
"సుధీర్ గారున్నారా అండి?" అంటుంది. ఇంకేమంటుంది.

బీటెక్_గట్టెక్కా:
కొత్త ఐడీతో రాస్తున్నాను, పాత ఐడీ నా ఫ్రెండ్స్‌కి తెలుసు. కాలేజీలో ఉండగా నాకు సైకోసిస్ వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను, మందులు వాడుతున్నాను. చైతన్య గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, కావాలంటే వాడుకోండి.

మందులు మొదలైన వారంలో నవలల్లో రాసినట్టు మైండ్ క్లియర్ అవ్వదు. నిద్ర, నిద్ర, నోరెండిపోవడం. ఒక మందుకి కాళ్లు ఒక దగ్గర ఉండవు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. ల్యాబ్‌లో నిలబడి బరువు ఈ కాలు మీద నుంచి ఆ కాలు మీదకి మారుస్తూ ఉంటే సార్ "ఏం, బాత్రూమ్ వస్తోందా" అన్నాడు, క్లాసంతా నవ్వింది. డాక్టరుకి చెప్తే మార్చారు. చెప్పొచ్చని నాకు చాలాకాలం తెలియదు.

మాత్రల స్ట్రిప్పులు డ్రాయింగ్ షీట్లు పెట్టుకునే గొట్టంలో దాచేవాణ్ని. రాత్రి లైట్లు తీసేశాక స్ట్రిప్పు నొక్కితే టక్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు రాకుండా దుప్పటి లోపల పెట్టి నొక్కడం ప్రాక్టీస్ చేశాను. రూమ్మేట్‌కి మొదటి నుంచీ తెలుసట. ఆ టైముకి కావాలనే ఫోన్లో పాటలు పెట్టేవాడు.

ఇంకోటి అటెండెన్స్. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కండొనేషన్ ఫీజు కట్టి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 65 తగ్గితే డిటెయిన్. ఆ సర్టిఫికెట్ మీద డాక్టరు స్టాంపులో "సైకియాట్రిస్ట్" అని ఉంటుంది. అది డిపార్ట్‌మెంట్ ఆఫీసులో క్లర్కు చేతికి ఇవ్వాలి, క్యూలో, వెనకాల మీ క్లాసువాళ్లు నిలబడి ఉండగా. నాకు జీవితంలో అంత టెన్షన్ పరీక్షల్లో కూడా లేదు. థ్రిల్లర్ సీన్ కావాలంటే అదీ.

బెంచీచివర:
అన్నా, ఆ పాటలు పెట్టిన రూమ్మేట్‌కి నా నమస్కారం. పొన్నచెట్టు గారూ, మస్తాన్ అదే చేయాలి. పాటలు పెట్టడం వెనక మస్తాన్ ఏదో దాస్తున్నాడని చైతన్య అనుకోవాలి. ఇద్దరూ ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు దాచుకుంటున్నారు. పాఠకుడు మస్తాన్‌ని అనుమానించాలి, నాలాంటివాడు కచ్చితంగా అనుమానిస్తాడు.

ఉప్పుగాలి:
ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి నేరుగా తీసుకెళ్లరు, అది కూడా రాయండి. సముద్రం దగ్గర పోయినవాడు కాబట్టి "గాలి సోకింది" అంటారు. ముందు తాయెత్తు, తర్వాత దర్గా, తర్వాత చుట్టాల్లో మెడికల్ షాపు వాడిచ్చే నిద్రమాత్ర. చైతన్య వాళ్ల నాన్నని విలన్‌లా రాశారు. ఆయనకి తెలిసిన దారుల్లో ఆయన పరుగెత్తుతున్నాడంతే.

గోదారిగట్టు:
ఒక మాట. మన తెలుగులో విద్యార్థి మనసు లోపలికి వెళ్లిన నవలకి మంచి వంశమే ఉంది. 1969లో వచ్చిన నవీన్ గారి "అంపశయ్య" ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి ఒక్క రోజు ఆలోచనలే. పొద్దున లేవడం, డబ్బు లేకపోవడం, మెస్, అమ్మాయిలు, అవమానాలు. హత్య లేదు, అయినా వదలదు. పొన్నచెట్టు గారి చైతన్య ఆలోచనలు ఒక తలలో పరుగెట్టినట్టు లేవు, వాక్యం వాక్యం సర్ది పెట్టినట్టున్నాయి. నిద్రలేని కుర్రాడు అంత శుభ్రంగా ఆలోచించడు. జబ్బు పెరిగేకొద్దీ వాక్యం కూడా చెడాలి.

చావుని చివరిదాకా దాచాలన్న రూలు కూడా ఏమీ లేదు. 1992లో డోనా టార్ట్ రాసిన కాలేజీ నవలలో ఎవరు చనిపోయారో, చంపింది ఎవరో మొదటి పేజీల్లోనే చెప్పేస్తుంది. అయినా ఐదొందల పేజీలు చదివిస్తుంది. కాబట్టి సూర్యలంకలో జరిగింది ప్రమాదమేనని మొదటి అధ్యాయంలోనే తేల్చేయండి. పాఠకుడికి తెలిసిన నిజం చైతన్యకి మాత్రం పట్టు తప్పిపోతూ ఉండాలి.

బెంచీచివర:
దీనికి మాత్రం ఒప్పుకోను. ప్రమాదమని ముందే చెప్తే మస్తాన్ మీద అనుమానం ఎక్కడిది సార్? చైతన్య కళ్లతోనే మేమూ చూడాలి. వాడు మోసపోతే మేమూ మోసపోవాలి.

గోదారిగట్టు:
మోసపోయిన పాఠకుడు ఒకసారి చదువుతాడు.

బెంచీచివర:
ఒకసారి కొంటే చాలు సార్, రచయిత బతుకుతారు 😄

పొన్నచెట్టు:
ఇద్దరూ కొట్టుకోకండి. నేను మధ్యలో ఉన్నాను. హంతకుడు చైతన్య అన్నది తీసేస్తున్నాను, అది ఖాయం. ప్రమాదం అని మొదట్లో పోలీసు రిపోర్టు చెప్తుంది. చైతన్య నమ్మడు, పాఠకుడి ఇష్టం పాఠకుడిది. ఇప్పుడు ముప్పు ఎవరికి అంటే, మస్తాన్‌కి. చైతన్య వాణ్ని మళ్లీ సూర్యలంక తీసుకెళ్తాడు, "ఎక్కడ నిలబడ్డావో చూపించు" అని. ఆ అధ్యాయం రాయాలంటే నాకే చేతులు చల్లబడుతున్నాయి.

కానీ ఒక్క విషయంలో మొండిగా ఉంటాను. చెప్పుల చప్పుడుకి ఏ వివరణా ఇవ్వను. వాళ్లమ్మ, సిమ్, దుఃఖం, జబ్బు, ఏవీ దానికి అతకవు. ఒక్కటైనా మిగలాలి.

డ్యూటీడాక్టర్:
మిగలనివ్వండి. మేం కూడా కేస్ షీటులో అన్నీ రాయలేం.

రెండు అడుగుతాను. 16వ అధ్యాయంలో చైతన్య ప్రాణం తీసుకోబోయే సీను ఉంది. ఏం వాడాడు, ఎలా, ఎంత అన్నది తీసేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకి ఇచ్చిన సూచనల్లో మొదటి వరుసలో ఉండేది ఇదే. ఆ స్థితిలో ఉన్న పిల్లాడు అదే పేజీ చదవొచ్చు. తలుపు కొడుతున్న మస్తాన్ వైపు నుంచి రాయండి, భయం పదింతలవుతుంది. రెండోది, కోలుకోవడం. దుఃఖం ఎన్నాళ్లుండాలో ఎవరూ చెప్పలేరు గానీ, విడవకుండా మనిషిని కదలనివ్వకపోతే దాన్ని ఇప్పుడు జబ్బుగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు దాటితే, అమెరికా సైకియాట్రిస్టుల 2022 జబ్బుల పుస్తకంలో ఏడాది దాటితే. సెల్లుషాపు గారు చెప్పిన నంబరు లెక్క కూడా ఆరు నెలలే. అనుకోకుండా కలిసింది, చూసుకోండి.

వకాల్తా:
16వ అధ్యాయంలో వార్డెన్ "పోలీసు కేసవుతుంది, నోరు మూసుకో" అని బెదిరిస్తాడు. అలాంటి వార్డెన్లు ఉన్నారు, ఉంచండి. కానీ ఇంకో పాత్ర చేత నిజం చెప్పించండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం అలాంటి ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిది. ఇంకా, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం మీద వచ్చినదే. మీ కాలేజీలో కౌన్సెలర్ గది ఉండి, తాళం వేసి ఉంటే కూడా కథే.

మోడరేటర్:
చర్చ బాగుంది, కొనసాగించండి. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈ విషయాలు దగ్గరగా తగిలితే టెలిమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బీటెక్_గట్టెక్కా గారిని వ్యక్తిగత మెసేజ్‌ల్లో వివరాలు అడగొద్దని మనవి.

సెల్లుషాపు:
పొన్నచెట్టు గారూ, రాయడం మొదలుపెట్టే ముందు ఒకటి సరిచూసుకోండి. 9వ అధ్యాయంలో చైతన్య పంపిన మెసేజ్‌లన్నిటికీ ఒక్క టిక్కే ఉందని రాశారు. ఒక్క టిక్కు అంటే అవతలి ఫోన్‌కి అందలేదని. అందని ఫోన్ ఆన్‌లైన్ చూపించదు. పోనీ అందింది, ఆవిడ చదివింది అనుకుంటే నీలం టిక్కులు పడాలి. అప్పుడు చైతన్యకి తెలిసిపోతుంది.

బీటెక్_గట్టెక్కా:
సుధీర్ బతికుండగానే రీడ్ రిసీట్స్ ఆఫ్ చేసుకుని ఉంటాడండి. హాస్టల్లో సగం మంది అంతే, ఇంట్లోవాళ్ల మెసేజ్ చూసి రిప్లై ఇవ్వకపోతే తిడతారని. వాళ్లమ్మకి ఆ సెట్టింగ్ ఉందని కూడా తెలియదు. చదివినా బూడిదరంగు టిక్కులే ఉంటాయి.

సెల్లుషాపు:
అయితే సరిపోయింది. 9లో ఒక్క టిక్కుని రెండు చేయండి, చాలు.